పంటికింద సీసం

వేటకాలం మొదలైన వారానికి స్టెన్స్‌రూడ్ వారి వంటింట్లో చోటు దొరకాలంటే పెట్టి పుట్టాలి. బయట మంచు పలచగా రాలుతూ ఉంటుంది. లోపల కిటికీ అద్దాలకు ఆవిరి పట్టి, కోట్లూ టోపీలూ కుర్చీల మీద కుప్పపడి, ఒకరి మాట ఒకరికి వినిపించనంత సందడి. పొయ్యి మీద ఎల్క్ మాంసం ఉండలు చిక్కని పులుసులో కుతకుతమంటుంటాయి. అమెరికాలో మా మోంటానా కొండల్లో ఎల్క్ అనే ఆ పెద్ద దుప్పి ఒకటి పడిందంటే ఒక ఇంటికి ఏడాది తిండి. అందుకే ఆ విందుకు అంత సంబరం.

ఆ ఇంటి పెద్ద లైల్. డెబ్బై దాటినా కొండ ఎక్కుతూ, వెనకబడ్డ కుర్రవాళ్ళను తిరిగి చూసి నవ్వే మనిషి. పెదవులను కప్పేసే తెల్లటి బుర్రమీసం ఆయన గర్వం. భార్య ఆస్టా చేతి వంటకు ఎంత పేరుందో నోటి దురుసుకూ అంత పేరుంది. వాళ్ళకు ఒక్కతే కూతురు, మారిట్. తండ్రి చెయ్యి పట్టుకుని కొండలు తిరిగి, తండ్రి దగ్గరే గురి నేర్చుకున్న పిల్ల. అల్లుడు ఎమెట్ బడి బస్సు నడుపుతాడు. అతని చేతిలో తుపాకీ ఉన్నంతసేపూ అడవిలో జంతువులన్నీ నిశ్చింతగా మేస్తాయని మామగారి నమ్మకం.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. విందులో ఎవరి పంటికింద తూటా తాలూకు సీసం ముక్క కరుక్కుమంటే గెలుపు వాళ్ళది. కొండల్లో ఏరిన పళ్ళతో ఆస్టా చేసే హకిల్‌బెర్రీ కేకులో మొదటి ముక్క వాళ్ళకే.

ఇది ఎలా మొదలైందో చెప్పాలి. పాత దేశంలో, అంటే నార్వేలో, పండగ పాయసంలో ఒక్క బాదంపప్పు దాచి వడ్డించేవారు. అది ఎవరికి దొరికితే వాళ్ళకు తీపి బహుమతి. లైల్ తండ్రి ఈ లోయలో గుడిసె వేసుకున్న కొత్తలో బాదంపప్పులు కొనే స్తోమత ఎక్కడిది? ఒకనాడు పసివాడైన లైల్ మాంసం కొరికి, పన్ను జివ్వుమనగానే ఏడుపు లంకించుకున్నాడు. నోట్లోంచి తీసి చూస్తే ఆవగింజంత సీసం. తండ్రి వాణ్ణి అమాంతం ఎత్తుకుని, "ఏడుస్తావేంట్రా పిచ్చోడా! బాదంపప్పు నీకే దొరికింది!" అని ఇంట్లో ఉన్న ఒక్క తీపి ముక్కా వాడి చేతిలో పెట్టాడు. అప్పటినుంచి అదే ఆచారమైపోయింది. లేమిని నవ్వులోకి మార్చిన ఆ తండ్రి మంచివాడే. ఆచారం కూడా ముద్దొచ్చేదే. అయితే అమ్మలారా, అయ్యలారా, మంచివాళ్ళు ముద్దుగా చేసుకునే పనుల్లో కూడా కీడు చల్లగా కూర్చుని ఉంటుంది. అది చెప్పడానికే ఈ కథ.

ఆ ఏడు విందులో లైల్ పక్కన ఆయన చిన్ననాటి నేస్తం హేకన్ కూర్చున్నాడు. ఇద్దరూ తమ తూటాలను ఇంట్లోనే తయారు చేసుకుంటారు. ఖాళీ ఇత్తడి గొట్టంలో తుపాకీ మందు కొలిచి పోసి, మూతి దగ్గర రాగిరేకు తొడిగిన సీసపు గుండును బిగించడం వాళ్ళకు జపం లాంటిది. ఎవరు ఎంత మందు పోస్తారన్నది మాత్రం ఒకరికొకరు చెప్పుకోరు.

"నీ తూటా కంటే నా నోట్లో చుట్ట దూరం పోతుంది లైలూ," అన్నాడు హేకన్.

"అందుకేనా నువ్వు మూడేళ్ళుగా ఎల్క్‌లకు చుట్టలు పంచి వస్తున్నావు?"

బల్లంతా గొల్లుమంది. ఆ నవ్వు ఆగకముందే మారిట్ చెయ్యి పైకెత్తింది. నోట్లోంచి ఏదో తీసి పళ్ళెం అంచున పెట్టింది. అది టంగుమంది.

"నాకే! కేకు నాకే!"

"అన్యాయం అత్తయ్యా," అన్నాడు ఎమెట్. "రెండేళ్ళుగా మీ అమ్మాయికే దొరుకుతోంది. ముందే చూసి వడ్డిస్తున్నారు."

"నీకు దొరికినా మింగేస్తావు గదయ్యా, నమిలే అలవాటుంటేగా," అంది ఆస్టా కేకు కోస్తూ.

మారిట్ మొదటి ముక్కను అందుకుని, తినకుండా తండ్రి వైపు చూసింది. "నాన్నా, ఈసారి ఈ ముక్క ఇద్దరం తింటున్నాం."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందు ఆస్టాకు అర్థమైంది. చేతిలో చాకు అలాగే పట్టుకుని కూతుర్ని వాటేసుకోబోతే ఎమెట్ అడ్డంపడి చాకు లాక్కోవలసి వచ్చింది. పెళ్ళయిన ఎన్నాళ్ళకో నిలిచిన కడుపు. లైల్ లేచి పులుసు గిన్నె తెచ్చి, కూతురి పళ్ళెంలో మాంసం ఉండలు ఒకదాని మీద ఒకటి పేర్చాడు.

"తిను అమ్మడూ. కొండగాలి పీల్చి, కొండగడ్డి మేసిన మాంసం. ఇంతకంటే మంచి తిండి మందుల షాపులో దొరకదు."

ఆ మాట ఆయన మనసారా అన్నాడు. చలి ముదిరేదాకా మనసారానే పెట్టాడు. కూతురి ఇల్లు దగ్గరే కావడంతో నాలుగు రోజులకోసారి ఒక మాంసం పొట్లం తీసుకుని వెళ్ళి, ఆమె వండేదాకా కూర్చుని, తినేదాకా చూసి వచ్చేవాడు.

చలి ముదిరాక ఆస్పత్రిలో మారిట్ రక్తం పరీక్ష చేశారు. నర్సు ఫోన్ చేసి, రక్తంలో సీసం ఉండవలసిన దానికంటే ఎక్కువ ఉందని చెప్పింది. భయపడవద్దు, ఇప్పుడు తెలియడం మంచిదైంది, అయితే అది బిడ్డకు కూడా చేరుతుంది, ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపెయ్యండి అంది. ఇంట్లో పాత రంగులు ఉన్నాయా? పాత నీటి గొట్టాలున్నాయా?

అంతే. లైల్ యుద్ధం ప్రకటించాడు.

ముందు కూతురి ఇంటి వరండా మీద పడ్డాడు. పాత రంగు ఎక్కడుంటే అక్కడి చెక్కను ఊడబీకి కొత్త చెక్క వేశాడు. తరువాత నేలలో ఉన్న నీటి గొట్టాలు తవ్వితీశాడు. గడ్డకట్టిన నేల తవ్వలేక మంటలు పెట్టి కరిగించి మరీ తవ్వాడు. ఎమెట్ బస్సు దిగి ఇంటికి వస్తే స్నానానికి నీళ్ళు లేవు, కూర్చోడానికి వరండా లేదు. మారిట్ చిన్నప్పటి ఊయలకు కూడా పాత రంగే ఉందని దాన్ని ఎండిన కట్టెలా గీకిపారేశాడు. చివరకు ఆస్టా పింగాణీ పళ్ళాల జోలికి వచ్చాడు.

"అవి మా అమ్మ ఇచ్చిన పళ్ళాలు. వాటి మీద చెయ్యి వేశావో, ఈ ఇంట్లో నీకు దోసిలే పళ్ళెం," అంది ఆస్టా.

"పిల్ల రక్తంలో సీసముందే! ఎక్కడుందో తెలియొద్దా?"

"తెలియాలి. నా పళ్ళాల్లో మాత్రం లేదు."

ఆ గొడవ సర్దడానికి ఎమెట్ నవ్వుతూ ఒక మాట అన్నాడు. అందరూ భోజనానికి కూర్చున్నారు. మారిట్ పళ్ళెంలో ఎప్పటిలాగే తండ్రి తెచ్చిన మాంసం ఉండలున్నాయి.

"ఇల్లంతా పీకేశారు మామయ్యా. ఇక మిగిలిన సీసమల్లా అత్తయ్య విందులో మా పంటికింద పడేదే. అదేనండీ, కేకు గెలిచేది!"

నవ్వుదామని నోరు తెరిచినవాళ్ళంతా అలాగే ఉండిపోయారు. పొయ్యి మీద కాఫీ గిన్నె మూత టకటకలాడుతోంది. మారిట్ చేతిలోని ఫోర్కు మెల్లగా పళ్ళెంలో పెట్టేసింది.

ముందుగా లైల్‌కే నోరు వచ్చింది. "ఏమిటోయ్ నువ్వనేది? నేను కొట్టిన మాంసం విషమంటావా?"

"అయ్యో, నేను సరదాకి..."

"తగిలిన చోట చుట్టూ ఎర్రగా కమిలినదంతా నేనే కోసి పారేస్తాను. ఎప్పుడో ఒక రవ్వ మిగిలితే పంటికి తెలుస్తుంది, ఉమ్మేస్తాం. మా నాన్న ఇదే తిని ఎనభై దాటి బతికాడు. నేను ఇదే తిని కొండలెక్కుతున్నాను."

"నాన్నా," అంది మారిట్. గొంతు పెంచలేదు. "నువ్వు బతికావు, నేను పెరిగాను. ఇప్పుడు నా లోపల పెరుగుతున్నదానికి మనంత ఒళ్ళు లేదు. సంగతి తేలేదాకా నువ్వు కొట్టిన మాంసం నేను తినను."

లైల్ కోటు వేసుకుని వెళ్ళిపోయాడు. కోపమని అందరూ అనుకున్నారు. అది కోపం కాదు. చిన్న గుడిసెలో ఆకలి తెలిసి పెరిగినవాడు, తన చేతి సంపాదనతో కూతురి పళ్ళెం నింపడమే జీవితమనుకున్నవాడు. ఆ పళ్ళెం వెనక్కి వచ్చింది. ఇక ఆ పిల్ల తన చేతి కూడు మళ్ళీ తింటుందా, తినదా? ఆయన గుండెలో అప్పుడున్నది ఆ ఒక్క ప్రశ్నే.

ఆస్టా మాత్రం ఊరుకునే మనిషి కాదు. మర్నాడే పశువుల డాక్టరు కొరీన్‌కు ఫోన్ చేసింది. లోయలో ఏ గుర్రం కుంటినా, ఏ ఆవు ఈనలేకపోయినా ఆమే దిక్కు. గుర్రాల కాళ్ళు చూసే ఎక్స్‌రే యంత్రం ఆమె దగ్గరుంది.

"గుర్రం కాలు కనిపిస్తే మాంసం పొట్లం కనిపించదా?" అని ఆస్టా అడిగింది.

"బ్రహ్మాండంగా కనిపిస్తుంది. పట్టుకురండి," అంది కొరీన్.

లైల్ తనే పొట్లాలు ఏరాడు. తూటా తగిలింది పక్కటెముకల దగ్గర. ఆయన మాత్రం దానికి బాగా దూరంగా వెనక భాగం నుంచి కోసిన శుభ్రమైన మాంసం ఒకటి, మరలో ఆడించిన కైమా ఒకటి తీశాడు. ఈ సంగతి తెలిసి హేకన్ కూడా వెంట వచ్చాడు. ఎవరూ పిలవలేదు. వేడుక చూడటానికి అతనికి పిలుపు అక్కర్లేదు.

"చూడమ్మా డాక్టరూ," అన్నాడు లైల్ బల్ల మీద పొట్లాలు పెట్టి. "ఇందులో ఒక్క చుక్క సీసం కనిపించినా నా మీసం తీసేస్తాను."

"కత్తి నేను తెస్తాను," అన్నాడు హేకన్.

యంత్రం కిర్రుమంది. తెర మీద బూడిదరంగు బొమ్మ వచ్చింది. కైమా పొట్లంలో అక్కడక్కడ, జొన్నపిండి చల్లినట్టు, తెల్లటి చుక్కలు. కొన్ని ఆవగింజంత. ఎక్కువ వాటిని చూడాలంటే ముఖం తెరకు ఆనించాల్సిందే. శుభ్రమైనదని తెచ్చిన ముక్కలో కూడా నాలుగైదు మెరిశాయి.

లైల్ వేలితో తెర తుడిచాడు, అవి పోతాయేమోనన్నట్టు.

కొరీన్ కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది. "లైల్ అంకుల్, సీసం మెత్తన. అంత వేగంతో ఎముకకో కండకో తగిలేసరికి పగిలి పొడి అవుతుంది. రాగిరేకు దాన్ని ఆపలేదు. ఆ పొడి గాయం దగ్గరే ఆగదు, మూరెడు దూరం పోతుంది. కంటికి కనిపించదు, చేతికి తగలదు. మరలో వేశారంటే అంతటా కలుస్తుంది. పంటికి తగిలింది మీరు ఉమ్మేశారు. అది మీకు మేలే చేసింది. పంటికి తగలనిదే మీరంతా తిన్నారు."

"మరి మా నాన్న?"

"మీ నాన్నగారు గట్టి మనిషి. గట్టి ఒళ్ళు కొంత ఓర్చుకుంటుంది, తెలియకుండా కొంత నష్టపోతుంది. కడుపులో బిడ్డ మెదడు ఇప్పుడే తయారవుతోంది. దానికి ఇంత సీసం పర్వాలేదు అని చెప్పగల డాక్టరు లేడు." ఆమె తెర మీద వేలు పెట్టింది. "మీరు కొండమీద వదిలేసే పేగులూ కమిలిన మాంసమూ తిని గద్దలు నా దగ్గరకు వస్తుంటాయి. రెక్క ఎత్తలేవు, మెడ నిలపలేవు. వాటి కడుపులో కూడా నాకు కనిపించేవి ఈ తెల్ల చుక్కలే."

ఇది లైల్‌కు రెండో దెబ్బ. కమిలిన మాంసం కోసి పారేసేవాడు కదా, ఊరికే పారేసేవాడు కాదు. కొండ మీద బల్లపరుపు రాయి మీద గద్దల కోసం పెట్టి వచ్చేవాడు. కొండకు తన వంతు ఇచ్చానని ఏటా ఆ రాయి దగ్గర టోపీ తీసేవాడు.

ఇంటికి వచ్చి పెద్ద ఫ్రీజరు తెరిచాడు. అల్లుడూ తనూ పొట్లాలన్నీ మోసి ఊరి చెత్తగుంటలో లోతుగా పూడ్చారు. కుక్కలకు వేయలేదు, నక్కలకు అందనివ్వలేదు. ఏడాది తిండి అలా మట్టిలోకి పోతుంటే ఆస్టా తన ఏప్రన్ అంచును కళ్ళకు అద్దుకుంది. తిరిగొచ్చాక లైల్ స్నానాల గదిలోకి వెళ్ళాడు. బయటికి వచ్చేసరికి ఆమె ఏడుపు ఎటుపోయిందో పోయింది.

"ఎవరయ్యా నువ్వు! మా ఆయన ఏడి?"

పెళ్ళినాటికే మీసమున్న మనిషి. ఆ పై పెదవిని ఆమె జన్మలో చూడలేదు. గుడ్డు మీద పెంకు ఒలిచినట్టుంది.

"మాటంటే మాటే," అన్నాడు లైల్ ఆ కొత్త పెదవి తడుముకుంటూ.

హేకన్ వారం రోజులు ఏదో ఒక వంకతో వచ్చి చూసిపోయాడు. పంచదార అప్పు అడగడానికి ఒకసారి, అది తిరిగివ్వడానికి ఇంకోసారి.

ఆ చలికాలం మిగతా రోజులు అందరూ కోడిమాంసంతో సరిపెట్టుకున్నారు. లైల్ ముఖం చూస్తే కోళ్ళకే జాలి వేసేది. అయినా రెండు నెలలకు మారిట్ రక్తంలో సీసం తగ్గిందని ఫోన్ వచ్చింది. గడ్డి పచ్చబడే వేళకు ఆడపిల్ల పుట్టింది. సోల్వై అని పేరు పెట్టారు. ఏడిస్తే ఎదురు కొండ తిరిగి బదులు చెప్పేంత గట్టి గొంతు. డాక్టరు అన్నీ చూసి పిల్ల నిక్షేపంగా ఉందన్నాడు. తాత ఆ పిల్లను ఎత్తుకుని, మళ్ళీ మొలకెత్తుతున్న మీసంతో బుగ్గ మీద గుచ్చితే, అది కేరుమంది.

ఇప్పుడు వేటకాలం మళ్ళీ వస్తోంది. వేట మానేద్దామని ఎవరూ అనలేదు. అన్నది తూటా మార్చమని. సీసం లేకుండా మొత్తం రాగితోనే చేసిన తూటాలు దొరుకుతాయని కొరీన్ చెప్పింది. లైల్‌కు మాత్రం ఒక భయం ఉంది. అది మొండితనం కాదు, అందుకే దాన్ని వినాలి.

"సీసం మెత్తన కాబట్టి లోపలికి పోయి విచ్చుకుంటుంది, జంతువు వెంటనే పడుతుంది," అన్నాడు కూతురితో. "రాగి గట్టిది. సూదిలా దూసుకుపోతే? ఆ ప్రాణి గాయంతో పరుగెత్తి, ఏ పొదలోనో మూడు రోజులు మూలిగి చస్తే? మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం అదే కదా. బాధపెట్టి చంపేవాడికి తుపాకీ పట్టే హక్కు లేదని."

"అయితే కాల్చి చూద్దాం నాన్నా. నువ్వు నాకు నేర్పిన మొదటి పాఠం అది."

లైల్ రాగి గుండ్లు కొనితెచ్చాడు. ఇంతకాలం వాడిన సీసపు గుండు ఎంత బరువో సరిగ్గా అంత బరువున్నవే తెచ్చాడు. అలవాటైన మందే, అలవాటైనంతే పోశాడు. ఇంటి వెనక మైదానంలో అట్టముక్క కట్టి కాల్చాడు. ఒకటి ఈ మూలకు పోతే ఇంకొకటి ఆ మూలకు పోయింది. ఒకటైతే అసలు అట్టకే తగల్లేదు.

కంచె మీద కూర్చున్న హేకన్ టోపీ ఎగరేశాడు. "రాగి చెంబులకే బాగుంటుందోయ్! నీళ్ళు కాచుకో!"

లైల్ ముఖం వెలిగింది. నిజం చెప్పాలంటే అది గురి తప్పినందుకు వచ్చిన వెలుగు. "చూశావా అమ్మడూ? చూశావా?"

మారిట్ వచ్చి ఒక రాగి తూటానూ ఒక పాత తూటానూ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుంది. "నాన్నా, రాగి సీసం కంటే తేలిక. ఒకే బరువు కావాలంటే రాగి గుండు ఎంత పొడుగు అయిందో చూడు. నీ తుపాకీ గొట్టం లోపలి మెలిక గాడులు ఇంత పొడుగుదాన్ని గిర్రున తిప్పి, ఊగకుండా పంపలేకపోతున్నాయి. బరువు తగ్గించు. తేలికదైతే పొట్టిగా ఉంటుంది, వేగంగానూ పోతుంది. దానికి పోసే మందు లెక్క కూడా వేరు, పుస్తకం చూసి పొయ్యాలి. ఇంకొకటి, ఈ గొట్టం లోపల ముప్పై ఏళ్ళ మడ్డి పేరుకుని ఉంది. అది గీకకుండా రాగిని తిట్టుకుంటే ఎలా?"

"ఎవరు చెప్పారే నీకు?"

"నువ్వే. గురి తప్పితే తూటాను తిట్టొద్దు, ముందు గొట్టం చూడు అని తొమ్మిదేళ్ళప్పుడు చెప్పావు. చెవి కూడా మెలేశావు."

హేకన్ కంచె దిగి దగ్గరకు వచ్చాడు. ఇలాంటి సందర్భంలో దూరంగా ఉండటం అతనివల్ల కాదు.

లైల్ రెండు సాయంత్రాలు గొట్టం తోమాడు. గుడ్డ నల్లగా వచ్చినకొద్దీ గొణిగాడు, తెల్లగా రావడం మొదలయ్యాక ఈల వేశాడు. తేలిక తూటాలతో, కొత్త లెక్కతో మళ్ళీ కాల్చాడు. ఈసారి అట్ట మీద చిల్లులన్నీ ఒక కాఫీ కప్పు మూతి కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. ఆయన అట్ట విప్పి, చంకలో పెట్టుకుని, ఇంట్లోకి వెళ్ళి ఫ్రీజరు తలుపుకు అంటించాడు. ఫ్రీజరు లోపల అప్పటికి కోళ్ళు తప్ప మరేమీ లేవు.

వేటకాలం మొదటి ఉదయం తండ్రీ కూతుళ్ళు కొండెక్కారు. పిల్లను ఆస్టాకు అప్పగించారు. ఎమెట్ కూడా వస్తానంటే, "నువ్వు పిల్లను పట్టుకో, అది పారిపోదు," అని మామగారు ఆపేశారు.

పొద్దెక్కేసరికి పచ్చికబయలు అంచున ఎల్క్‌ల మంద కనిపించింది. లైల్ ఒక మగదాన్ని ఎంచుకుని, పక్కకు తిరిగేదాకా ఆగాడు. ఎల్క్ పక్కకు తిరిగింది. అయినా ఆయన కాల్చలేదు. తుపాకీ దించి కూతురి వైపు చాపాడు. గురి తప్పుతుందని కాదు. రాగి సూదిలా పోతుందేమోనని.

"నువ్వు కాల్చు అమ్మడూ."

"లేదు నాన్నా. ఇది నీ తూటా."

లైల్ తుపాకీ మళ్ళీ ఎత్తి, ఊపిరి వదిలి, సగం పీల్చి, ఆపి కాల్చాడు. ఎల్క్ ఒకసారి ముందుకు ఉరికింది. నాలుగు అడుగులు వేసి, ఏదో మరిచిపోయినట్టు నిలబడి, కూలిపోయింది. మళ్ళీ తల ఎత్తలేదు.

దగ్గరకు వెళ్ళి లైల్ టోపీ తీశాడు. కోస్తున్నప్పుడు పక్కటెముకల దగ్గర మాంసం చూసి ఆగిపోయాడు. ఎప్పుడూ ఉండే ఎర్రటి ముద్ద లేదు. తూటా దూరి వెళ్ళిన దారి శుభ్రంగా ఉంది. అవతలి పక్క చర్మం కింద గట్టిగా ఏదో చేతికి తగిలింది. తీసి మంచుతో కడిగాడు. రాగి తూటా. ముందు భాగం నాలుగు రేకులుగా విచ్చుకుని, మెరుస్తూ, అరచేతిలో బుల్లి పువ్వులా నిలబడింది. ఒక్క రేకూ ఊడలేదు.

"ఎంత పోయిందో అంతా తిరిగొచ్చిందే," అన్నాడు. దాన్ని కూతురి అరచేతిలో పెట్టాడు.

వాళ్ళు పేగులు తీసి బల్లపరుపు రాయి మీద పెట్టారు. కొంచెం దూరం దిగి వెనక్కి చూస్తే పెద్ద గద్ద ఒకటి అప్పుడే వచ్చి వాలింది. ఈసారి లైల్ టోపీ తీసి, కాసేపు మళ్ళీ పెట్టుకోలేదు.

ఆ వారం విందుకు లోయలో సగం ఊరు వచ్చింది. రాగి తూటా బల్లంతా చేతులు మారుతూ తిరిగింది. కొరీన్ ముందే ఒక పొట్లానికి ఎక్స్‌రే తీసి, ఆ బొమ్మను కిటికీకి అంటించింది. అందులో బూడిదరంగు తప్ప ఒక్క తెల్ల చుక్క లేదు. ఆస్టా మాంసం ఉండలు వడ్డించింది. అందరూ మారిట్ పళ్ళెం వైపు చూడనట్టే చూస్తున్నారు.

మారిట్ సోల్వైని ఒళ్ళో సర్దుకుని, ఒక ఉండ తీసి కొరికింది. నమిలింది. మింగింది. మెల్లగా పళ్ళెం తండ్రి వైపు తోసింది.

"ఇంకొన్ని వెయ్యి నాన్నా. పిల్లకు పాలు పట్టాలి."

లైల్ గరిటె అందుకున్నాడు. పులుసు పళ్ళెంలో కంటే బల్ల మీద ఎక్కువ పడింది. ఆస్టా ఈ ఒక్కసారికి తిట్టకుండా గుడ్డ తెచ్చి తుడిచింది.

విందుకు వచ్చిన పిల్లలు మాత్రం సీసం దొరుకుతుందేమోనని జాగ్రత్తగా నమిలి నమిలి విసిగిపోయారు. చివరకు ఎమెట్ అందరి తరఫునా అడిగేశాడు. "అత్తయ్యా, ఎవరికీ ఏమీ దొరకలేదు. మరి ఈ ఏడు కేకు ఎవరిది?"

ఆస్టా ఏదో చెప్పబోతే లైల్ లేచి నిలబడ్డాడు. ఆయన ఉపన్యాసాలు ఇచ్చే మనిషి కాదు. మళ్ళీ గుబురుగా పెరిగిన మీసం ఒకసారి దువ్వుకున్నాడు.

"మా నాన్న బాదంపప్పు కొనలేక సీసాన్ని బహుమతి చేశాడు. ఆయనకు తెలియదు. నాకు తెలిశాక కూడా అదే చేస్తే, అది ఆచారం కాదు, తప్పు. మనం కొండ మీదకు వెళ్ళేది పిల్లలకు మంచి తిండి పెడదామని. ఆ తిండిలోకి తూటా పొడి రాకూడదు. కొండ మీద మనం వదిలేది కూడా ఏదో ఒక ప్రాణి నోట్లోకే పోతుంది. దాన్ని కూడా మన పళ్ళెంలాగే చూడాలి. రాగి తూటా కాస్త ఖరీదు. గొట్టం తోముకోవాలి, మళ్ళీ గురి సరిచూసుకోవాలి. అంతే పని. ఆ పని చెయ్యలేనంత ముసలివాణ్ణి నేనే కానప్పుడు, మీరెవరూ కారు."

"అది సరేగానీ," అన్నాడు హేకన్ రాగి తూటాను చొక్కా జేబులోకి జారవిడుస్తూ, "మందు ఎంత పోశావో చెప్పు."

ఎన్నేళ్ళ స్నేహమో, ఏనాడూ చెప్పుకోని మాట. లైల్ అందరి ముందూ గట్టిగా చెప్పేశాడు. హేకన్ చేతికందిన కాగితం మీద రాసుకున్నాడు. "ముందు నా తూటా జేబులోంచి తియ్యి," అన్నాడు లైల్.

అప్పుడు ఆస్టా లోపలినుంచి పెద్ద పళ్ళెం తెచ్చింది. అందులో పెద్ద కేకు లేదు. గుప్పెడంత చిన్న చిన్న హకిల్‌బెర్రీ కేకులు, ఉన్నవాళ్ళందరికీ ఒక్కొక్కటి. ప్రతి కేకు మీదా ఒక బాదంపప్పు.

"అందరిదీ మొదటి ముక్కే," అంది. "సోల్వైది కూడా ఉంది. పళ్ళు వచ్చేదాకా వాళ్ళ తాత తింటాడు."

పిల్లలు అరిచిన అరుపుకు కిటికీ మీది ఎక్స్‌రే బొమ్మ ఊడి కిందపడింది. లైల్ దాన్ని తీసి మళ్ళీ అంటిస్తూ, ఆ బూడిదరంగు ఖాళీని ఒకసారి చేత్తో నిమిరాడు.

"ఎవరి పంటికీ ఏమీ తగలలేదు," అన్నాడు. "ఈ ఏడు అందరం గెలిచాం."